మధ్యలో కూర్చునే మనిషి

బళేపేట, బెంగళూరు
నవంబరు 8

అంబిక వదినకు నేత్రావతి రాస్తున్నది. శనివారాల్లో నీ బిడ్డ తేజస్ మా అన్నను కలిసేటప్పుడు దగ్గర కూర్చునే మనిషిగా నా పేరు ఉంటే నీకు సమ్మతమేనని కాత్యాయని మేడంకు చెప్పావట. మధ్యవర్తిగా ఆమె ఆ ఫారాన్ని ఈ నెల ఇరవైన కోర్టులో ఇవ్వాలి. నువ్వు సంతకం పెట్టేముందు నీకు ఒక సంగతి తెలియాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మింగేస్తాను.

ఇక్కడ అమ్మకు మోకాలి నొప్పి తప్ప అందరం కులాసాగానే ఉన్నాం. అన్న రోజూ గాజుల అంగడికి పోయి వస్తున్నాడు. అత్తిబెలెలో నువ్వు, తేజస్, మీ అమ్మానాన్నలు బాగున్నారని తలుస్తాను. ఫ్యాక్టరీలో నీ షిఫ్టు మారిందా? తేజస్ జుట్టు ఎంత పెరిగింది? ఇప్పుడు దువ్వెన నిలుస్తోందా? అప్పుడు ఉంగరాల జుట్టు కదా, కొత్తగా వచ్చేది కూడా అలాగే తిరుగుతోందా అని నాకు తెలుసుకోవాలని ఉంది.

మేడం చేతికి నువ్విచ్చిన కాగితం నాలుగుసార్లు చదివాను. కూర్చున్నంతసేపూ ఫోన్ చూడకుండా ఉండగలవా అని అడిగావు. అసలు ఆ కూర్చునే మనిషి ఏం చూస్తుందో నాకే తెలియదు. తెలుసుకుందామని పోయిన శనివారం మేడం అనుమతితో కోర్టు వాళ్ల పిల్లల గదికి వెళ్లాను. గోడలకు బొమ్మలు, ప్లాస్టిక్ జారుడుబండ, ఒక మూల గోడ గడియారం. పిల్లల కంటే పెద్దవాళ్లే ఆ గడియారాన్ని ఎక్కువగా చూస్తున్నారు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన తన పాప కోసం పెద్ద బొమ్మ కారు తెచ్చాడు. పాప ఆయన వైపు చూడలేదు, డబ్బా వైపు చూసింది. కారును డబ్బాలో సన్నటి తీగలతో బిగించి పెడతారు కదా, అవి ఊడదీయడానికే ఇద్దరికీ అరగంట పట్టింది. ఆ తీగల దగ్గరే పాప మొదట ఒక మాట మాట్లాడింది, తర్వాత పది మాట్లాడింది. కారు బయటికొచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పక్కన కూర్చున్నావిడ నోటు పుస్తకంలో "ఇద్దరూ కలిసి తీగలు విప్పారు, పాప రెండుసార్లు నవ్వింది" అని రాసింది. అంతే.

"తండ్రి మంచివాడా కాదా అని రాయరా మేడం?" అని ఆవిడను అడిగాను.

"అది నా పని కాదమ్మా. చూసింది రాస్తాను, చూడంది రాయను. తెలిసింది దాచను" అంది.

ఆ మాట ఇంకా నాతోనే ఉంది. ఎందుకో కింద చెబుతాను.

ఆ గది రద్దీలో తేజస్ బెదురుతాడని నువ్వన్నది నిజమే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసు వెనక పార్కు ఉంది, అక్కడ కలవచ్చు. ఒకటే గేటు, గేటుకు ఎదురుగా బెంచీ. నువ్వు వచ్చే బస్సు అక్కడికి దగ్గరలోనే ఆగుతుంది.

నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్నను అన్ననే అడిగాను. "అన్నా, నువ్వు వాణ్ణి ఎత్తుకుని గేటు దాటితే నేనేం చేయాలి?"

"గట్టిగా అరువు మే. బలపం తీస్కున్నానని చిన్నప్పుడు వీధంతా వినేట్టు అరిచినావు కదా."

"ఆ బలపం నాది."

"నీదే లేప్పా. మా ఇంట్లో పలక పట్టింది నువ్వొక్కదానివే కదా." మళ్లీ తనే, "నీకు అరిచే పని పెట్టను. ఈసారి పెట్టను" అన్నాడు.

అమ్మ మాత్రం, "తండ్రి బిడ్డను చూసేదానికి సాక్షి కావాలంట. ఏం కాలమొచ్చి ఉండాదో" అంటోంది. అంటూనే ఆ శనివారానికి ఏం వండి పంపాలని అడుగుతోంది. తేజస్ ఇంకా చిత్రాన్నంలో పల్లీలు ఏరి పక్కన పెడుతున్నాడా?

ఇక అసలు సంగతి. ఆగస్టులో అన్న తేజస్‌ను స్కూలు నుంచి తీసుకుపోయి, ఐదో ఏడు దాటిపోతుందని ఇంటిదేవుడి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించుకొచ్చాడు. నీకు చెప్పలేదు. మేనమామగా మీ సురేశ్ అన్న ఒడిలో కూర్చోవాల్సిన బిడ్డను తన ఒడిలోనే కూర్చోబెట్టుకున్నాడు. ఆ రాత్రంతా నువ్వు పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉన్నావు. ఇదంతా నీకు తెలుసు. తెలియనిది ఇది.

ఆ రోజు మధ్యాహ్నం స్కూలు టీచరు నాకు ఫోన్ చేసింది. రెండో నంబరుగా నా నంబరు నువ్వే రాయించావు, ఇంగ్లీషు నోటీసులు నాకైతే అర్థమవుతాయని. "తండ్రి వచ్చారు, పంపమంటారా?" అని అడిగింది. అన్న వాణ్ణి కొండకు తీసుకుపోతాడని నాకు పొద్దున్నే తెలుసు. "పంపించండి" అన్నాను. నీకు చెబితే సురేశ్ అన్నకు సెలవు దొరికే దాకా ఆగమంటావు, ఏడు దాటిపోతుందనుకున్నాను. సాయంత్రానికే వచ్చేస్తారనుకున్నాను. రాలేదు. నువ్వు ఫోన్ చేసి ఏడ్చినప్పుడు భయపడి, "నాకు తెలియదు వదినా" అన్నాను.

తర్వాత కోర్టుకు ఇవ్వాల్సిన కాగితం అన్న చెబుతుంటే నేనే రాశాను. అన్నకు సంతకం వరకే వచ్చని నీకు తెలుసు కదా. నా మాట వచ్చిన చోట, "నీ పేరు ఎత్తొద్దు. నీకు ఉద్యోగం ఉండాది. నేనే స్కూల్లో ఏదో చెప్పి తెచ్చుకున్నానని రాయి" అన్నాడు. చక్కటి దస్తూరీతో అలాగే రాశాను. నీ మూడు నెలల కోపంలో నా వంతు కూడా అన్నే మోశాడు.

ఫారంలో "ఇంతకుముందు జరిగిన దానిలో మీ పాత్ర" అని ఒక గడి ఉంది. మొన్నటి దాకా ఖాళీగా ఉంచాను. నిన్న నింపాను. నకలు ఈ ఉత్తరంతోనే పెట్టాను. నింపానని తెలిసి అన్న నాతో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు. ఇది చదివితే నువ్వు కాదంటావని అతని భయం. నాకూ ఉంది.

నువ్వు కాదంటే అన్నను కోర్టు గదికి నేనే తీసుకువెళ్తాను, నేను లోపలికి రాను. అవునంటే మాత్రం ఆ బెంచీ మీద కూర్చుని నేను చూసిందంతా రాసి ప్రతి శనివారం నీకు పంపుతాను, అన్నకు నచ్చనిది ఉన్నా, నాకు నచ్చనిది ఉన్నా.

ఫారంలో కింద నీ సంతకం చోటు ఖాళీగా ఉంది. అవునో కాదో, పద్దెనిమిదో తేదీలోపు నీ చేత్తో ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
తేజస్ మేనత్త
నేత్రావతి