నెత్తుటిలో పోగులు

ప్రేమ్‌సింగ్ బావకు,

సమ్మెలో బస్సులు లేవు కనుక ఈ ఉత్తరం అమ్జద్ అన్నకు ఇస్తున్నాను. ఆయన తన బండి మీద భూపాలపల్లి వస్తున్నాడు.

మా చిన్న చెల్లి నీలి దేనితో పోయిందని అడిగావు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుతో. ఆ జబ్బున్నవాళ్ల రక్తకణంలో ప్రాణవాయువు తగ్గగానే లోపల సన్నని పోగులు పెరుగుతాయి. కణం పైపొర మెత్తనిది. అది పోగును వెనక్కి నెడుతుంది, పోగు కాస్త వంగుతుంది, కానీ పక్కనే మరికొన్ని మొలుస్తాయి. చివరికి పొరే సాగిపోతుంది. గుండ్రని కణం కొడవలిలా మారి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ నొప్పిని మన తండావాళ్లు వాతమనుకున్నారు. నీలి మోకాళ్ల మీద వాతలు పెట్టారు.

నీలోనూ నాలోనూ ఆ జబ్బు సగం ఉందని పరీక్షలో తేలింది. రెండు సగాలూ ఒక బిడ్డలో కలిస్తే మరో నీలి పుడుతుంది. అందుకే నిన్ను చేసుకోనన్నాను.

మీ అమ్మ, మా కళావతి అత్త, వెంటనే అంది: "పెద్దది వద్దంటే నడిపిదాన్ని ఇయ్యి తమ్మీ. నా కొడుక్కు బయటి పిల్లెందుకు?" నాయిన సరేనన్నాడు.

ఆ నడిపిది, మా అఖిలలోనూ ఆ సగం ఉంది. చెబితే నవ్వింది. "నువ్వు వద్దన్నోడు నాకు దొరికితే గింత కుళ్లెందుకక్కా?" అంది. పెళ్లి పావడాకు అద్దాలు కుట్టుకుంటోంది.

నువ్వే కాదనాలి బావా. రక్తం సంగతి ఎత్తకు, ఎవరూ వినరు. పిల్ల నల్లగా ఉంది, నచ్చలేదని అందరి ముందూ చెప్పు. ఆ మాటైతే అఖిల వెంటనే నమ్ముతుంది.

నీ మరదలు