నాయన ధడా, శైలజ బోర్డు

హిందూపురం,
12-8-2004, గురువారం.

ఈరోజు పనులు: కొళాయి నీళ్లు ఎనిమిది బిందెలు. శైలజకు తెల్లవారే చిత్రాన్నం క్యారియరు. రేషను అంగడి ముందు గంటసేపు నిలబడి కిరసనాయిలు. మీ బావ చొక్కాలు రెండు ఇస్త్రీ. మిగిలింది ఒక్కటే, నీకు ఉత్తరం.

అన్నకు సరోజ నమస్కారాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదినకు దగ్గు తగ్గిందా? మేము ముగ్గురం బాగున్నాము, దిగులు పడవద్దు. ధర్మవరం వదిలి అయిదు నెలలైంది. ఇక్కడ ఎండ తక్కువ, గాలి ఎక్కువ. పక్కింటామె వచ్చి "చిల్లర దుడ్లు ఉండాయా సరోజమ్మా" అంటే, డబ్బుల్ని దుడ్లు అన్నందుకు నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు, అలవాటైంది. మధ్యాహ్నాలు మాత్రం మగ్గాల చప్పుడు లేక చెవులు బోసిగా ఉంటాయి. మీ బావకు చింతపండు మండీలో గుమాస్తా పని బాగానే సాగుతోంది. శైలజ పొద్దున రైలుకు యలహంక పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. బాగున్నాము, నిజంగానే.

మేము బయలుదేరిన రోజు స్టేషనులో నువ్వు అడిగావు, "ఏమ్మా, పాప ఆడ ఏం పని చేస్తాది? నూనె అమ్మేటోడికి తెలిసేట్లు చెప్పు" అని. "ఏదో కంప్యూటరు పని" అని తప్పించుకున్నాను. నువ్వు నవ్వావు. ఇప్పుడు చెబుతాను, విను.

యంత్రం నుంచి యంత్రానికి కబురు చాలా వేగంగా పోవాలంటే రెండు తీగలు జతగా వేస్తారట. మన తక్కెడ చిప్పల్లాగా ఒకటి పైకి లేస్తే రెండోది అంతే కిందికి దిగుతుంది. అవతలి యంత్రం చూసేది రెండింటి మధ్య తేడానే. గాలికి తక్కెడంతా ఊగినా చిప్పల తేడా మారదు కదా, ఇదీ అంతే. శైలజ పని ఆ తీగల జత మంచిదో కాదో కొలవడం. తీగను ఒక బోర్డుకు తగిలించి కొలుస్తారు.

పోయిన నెల ఒక కంపెనీ పంపిన తీగలు వీళ్ల పెద్ద బోర్డు మీద కొలిస్తే పనికిరావని వచ్చింది. మన పిల్ల ఊరుకోలేదు. తప్పు తీగలది కాదు, బోర్డుది అనింది. పైఅధికారి "అయితే సోమవారానికి వేరే బోర్డు నువ్వే ఎంచుకుని రా" అన్నాడట. చేరేటప్పుడే ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఇందులో తప్పితే ఉద్యోగం ఉండదు, మేము మళ్లీ సామాన్లు కట్టుకోవలసిందే.

ఆ ఆదివారం నేను ఉలవల్లో రాళ్లు ఏరుతుంటే శైలజ రెండు బోర్డుల బొమ్మలు ముందేసుకుని కూర్చుంది. ఒక బోర్డు పెళ్లిచీర మాదిరి నిండుగా ఉంది, దీపాలూ మీటలూ. రెండోది బోడిగా ఉంది. రెండు జతల రాగిగీతలు, కొసల్లో ఇత్తడి బిరడాలు, అంతే.

"నాకు ఈ బోడిదే కావల్లమ్మా. కానీ చూస్తే ఆటబొమ్మ మాదిరి ఉండాది. నగుతారేమో."

"ఈ రెండో జతకు ఏమీ తగిలించలేదే? దండగ గదా."

"దండగ గాదు. తీగను మొదటి జతకు తగిలిస్తాము. ఈ జత ఖాళీగానే ఉంటాది. దీన్ని కొలిస్తే బోర్డు తన పాటికి తాను కబురులో ఎంత మింగుతాదో తెలుస్తాది. అంత తీసేస్తే మిగిలింది తీగది."

"ధడా అనరాదా, ఇంతసేపు చెప్తాండావు!"

నోరు తెరిచి నా వంక చూసింది. నాయన అంగడిలో గిరాకీ గిన్నెను ఒక చిప్పలో పెట్టి, సమానమయ్యేదాకా రెండో చిప్పలో రాళ్లు వేసేవాడు కదా, ఆ తర్వాతే నూనె. ధడా కట్టని తూకం దొంగతూకం అనేవాడు. చిన్నప్పుడు ఆ రాళ్లు అందించింది ఈ పిల్లే.

"మరి ఆ నిండుదానికో?" అన్నాను.

"దానికి ధడా కట్టే చోటే లేదమ్మా. గిన్నె నిండా నగిషీలే!"

సోమవారం అధికారి "ఇంత బోడి బోర్డు ఎందుకు?" అని అడిగితే గాభరాలో "ధడా సార్" అనేసిందట. అదేదో ఇంగ్లీషు పొట్టిమాట అనుకుని ఒకాయన పెద్దక్షరాల్లో రాసుకుని, పూర్తి పేరేమిటని అడిగాడట! అప్పుడు మన నూనె అంగడి కథ చెప్పింది. అధికారి గట్టిగా నవ్వి, ఇదే తెప్పించమన్నాడు.

రెండు వారాలకు బోర్డు వచ్చింది. ముందు ఖాళీ జత కొలిచి, తర్వాత తీగ కొలిచి, ఖాళీ జతది తీసేస్తే తీగలు మేలిమివని తేలింది. ఆరు నెలలు నిండకముందే, నిన్న ఉద్యోగం ఖాయమైన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ఇంగ్లీషులో నాకు చదవడానికి వచ్చింది శైలజ పేరొక్కటే. రెండుసార్లు చదివాను. ఆ ఖాళీ జత పక్కన "ధడా" అని తెలుగులో చీటీ అంటించారట, కన్నడం వాళ్లు కూడా కూడబలుక్కుని చదువుతున్నారట.

నేను నేర్పానని కాదు అన్నా. పని దానికి ముందే తెలుసు. మాట ఒక్కటి మన అంగడిది.

నాయన ధడా రాళ్ల సంచి అటక మీద ఉంటే, వచ్చేవాళ్ల చేత ఒక్క రాయి పంపు. ఆఫీసు బల్ల మీద పెట్టుకుంటుందట. అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. వదినకు నమస్కారం. పిల్లకు మీ అందరి దీవెనలు కావాలి.

ఇట్లు,
నీ చెల్లెలు,
సరోజ.

నా లెక్కల పుస్తకంలో మార్చి నుంచి ఒక పద్దు అలాగే ఉండిపోయింది: "అన్నకు జవాబు, ఒకటి." ఈరోజు చెల్లు.