సిలువ మీది కేక

అన్నయ్యా,

నీ క్షేమం అడగను. అడిగితే నాన్న మీద ఫిర్యాదులే రాస్తావు.

సువార్తంతా గ్రీకులో రాసినవాళ్ళు సిలువ మీద ప్రభువు వేసిన కేకని మాత్రం ఆయన తల్లిభాష అరమేయికులోనే ఉంచారు. అర్థం రాస్తే చాలదా అని నీ అనువాదంలో నువ్వు ఆ కేకని తీసేశావు. నాన్న ప్రూఫులు దిద్దుతూ మళ్ళీ పెట్టారు. అంతమాత్రానికే ఇద్దరూ మాటలు మానేశారు!

నిన్న ఆసుపత్రిలో నర్సు నాన్న కాలికి కట్టు మారుస్తుంటే ఆయన నొప్పికి తాళలేక ఏదో అరిచారు. అది ఆయన జీవితమంతా పాఠాలు చెప్పిన హీబ్రూ కాదు, గ్రీకు కాదు, మన తెలుగూ కాదు. చిన్నప్పుడు నాయనమ్మతో మాట్లాడిన కొండ భాష. బళ్ళో తనని వెక్కిరించారని మనకి ఒక్క ముక్క కూడా నేర్పలేదు, గుర్తుందా?

"ఏమంటున్నారమ్మా?" అని నర్సు అడిగితే, కన్నకూతుర్నై ఉండీ తెల్లమొహం వేశాను.

ఇక ఆ భాష వచ్చింది మన అత్తయ్య ఒక్కదానికే. ఆవిడని వెంటబెట్టుకుని వెంటనే బయల్దేరు. రోజు విడిచి రోజు కట్టు మారుస్తున్నారు. అర్థం అత్తయ్య చెబుతుంది. కేక మాత్రం నువ్వే వినాలి.

నీ మీద కోపం తగ్గని
చెల్లి