ఉండపాకం దాటింది

అక్కా,

కరోనాలో నువ్వు పోయాక ఇదే మొదటి డిసెంబరు. పాప అడిగిందని ఇవాళ మళ్ళీ పీకాన్ పప్పులతో ప్రలీన్ చేయబోయాను. పోయినేడు లాక్‌డౌన్‌లో ఇక్కడ మా కొలోన్‌లో క్రిస్మస్ బజార్లన్నీ మూసేస్తే, తెనాలి నుంచి వీడియోలో చూస్తూ నువ్వు చేయించిన మిఠాయే.

"పేరేదైతేనేం, పాకం పాకమేగా! చన్నీళ్ళలో చుక్క వెయ్యి," అన్నావు. అది ఉండ కట్టగానే "ఇంక దించవే!" అని అరిచావు.

ఇవాళ అలవాటు కొద్దీ ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించాను. తెరలో నా మొహమే కనిపించింది. చన్నీళ్ళలో వేసిన చుక్క ఉండ కట్టింది.

పాకం మాడిన వాసనకి పాప పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపేసింది. "మమ్మీ, చూసుకోలేదా?" అంది.

చూశానక్కా. నువ్వు దించమంటావని ఆగాను.