సీసా మీది పేరు

ఉప్పుగూడ,
11-3-1986

పళ్ళ డాక్టర్ గారికి,

మీ దగ్గరికి పళ్ళ కోసం వచ్చే పాల మొగులయ్య భార్యను, ఈ ఉత్తరం రాస్తున్నాను. తీసి పెట్టుకునే సెట్టు వద్దు, దవడ ఎముకలో బిగించే కొత్త పళ్ళే కావాలని ఆయన మీ వెంట పడ్డాడు. షుగర్ తగ్గాలి, బీడీ మానాలి, అప్పుడే ఎముక పన్నును పట్టుకుంటుందని మీరు చెప్పారు. ఆయన బీడీ మానలేదు, చాయిలో చక్కెరా మానలేదు. షుగర్ చూడ్డానికి మీరు రాసిచ్చిన మూత్రం పరీక్ష నాడు పొద్దున్నే సీసా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీకేం బీమారి లేదు గదా, నీది పోసియ్యి. గింత దానికి లొల్లెందుకు?"

పాలల్లో చుక్క నీళ్ళు కలపనని బస్తీ అంతా ఒట్టేసి తిరిగే మనిషి. పోరు పడలేక పోసిచ్చాను.

నిన్న మీరు రిపోర్టు చూసి, షుగర్ ఇదివరకటికంటే పెరిగింది, పళ్ళ మాట ఎత్తొద్దని తిట్టి పంపారట. ఇంటికొచ్చి నా మీద పడ్డాడు.

"నీ వల్లనే నా పళ్ళు పోయినయ్."

ఆ షుగర్ ఎవరిదో ఆలోచించడానికి ఆయనకు తీరిక లేదు. ఆరు నెలలుగా అరికాళ్ళు మండుతున్నాయని నేనంటే చెప్పులేసుకోమన్నాడు.

బేస్తవారం ఆయన సొంత సీసాతో వస్తాడు, నేను దగ్గరుండి తీసుకొస్తాను. ఆయన పళ్ళ సంగతి మీ ఇష్టం. నిన్నటి రిపోర్టు మాత్రం పారేయకండి. దాని మీద ఆయన పేరు కొట్టేసి ఉంచండి. నా పేరు నేనే వచ్చి చెబుతాను.