ఒక్క ఫోటోకి దొంగ తేదీ

మరిదిగారికి,

నీకు పుణ్యముంటుంది. కొత్త డిస్కులోకి ఎక్కించినప్పుడు మన ఫోటోలన్నిటికీ ఒకే తేదీ పడి కలగాపులగం అయ్యాయా, కంప్యూటర్లో నువ్వు రాసిన స్క్రిప్టు ప్రతి ఫోటోలోనూ కెమెరా దాచుకున్న అసలు తేదీ వెతికి, దేన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడ కూర్చోబెట్టింది.

ఒక్క ఫోటో మాత్రం మా పెళ్ళి ఏడాదిలోంచి లేచి సంబంధం ఊసే లేని అంతకు ముందు ఏడాదిలోకి వెళ్ళిపోయింది. మా లైబ్రరీ కొత్త హాలును తీశానని మీ అన్నయ్య చెప్పే ఫోటో అది. హాలు సగమే పడింది. కౌంటరు వెనక తల వంచుకుని పుస్తకాలకు ముద్ర వేస్తున్న నేను మాత్రం నిండుగా పడ్డాను.

"అమ్మ పోరు పడలేక ఒప్పుకున్నాను గానీ, సంబంధం వచ్చేదాకా ఈవిడెవరో నాకు తెలీదు" అని చుట్టాలందరి ముందూ కోతలు కోస్తారుగా! అనుమానమొచ్చి ఆయన ఫోల్డరులో వెతికాను. తేదీ మార్చే పాత స్క్రిప్టు ఒకటి దొరికింది. అందులో ఉన్నది ఆ ఒక్క ఫోటో పేరే.

ఆ పాత స్క్రిప్టు మళ్ళీ నడిపి, ఆ ఫోటోని తిరిగి మా పెళ్ళి ఏడాదిలోకి పంపాలంటే ఏం నొక్కాలో రాయి. ఫోన్ చేద్దామంటే ఆయన పక్కనే ఉంటారు. జవాబు ఇంటికి కాదు, లైబ్రరీకి పంపు. నిలదీయాలని నోటిదాకా వచ్చింది గానీ, ఇన్నేళ్ళు ఇంత శ్రద్ధగా దాచుకున్న మనిషిని బయటపెట్టడానికి మనసొప్పలేదు.

ఈసారి చుట్టాల ముందు ఆయన ఆ కథ ఎత్తుకుంటే, "అవును పాపం, అత్తయ్య కోసమే" అని నేనే అందిస్తాను.

ప్రేమతో,
మీ వదిన