మా ప్రార్థన మందిరంలో బందీలైన ఇరవై రెండు సైకిళ్ళు

జిల్లా బాలికాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
మలావి దేశం, చిమ్వాలా గ్రామ ప్రార్థన మందిర బోధకుడు ఎలియాసి ఎంఫాండె వ్రాసుకొను మనవి.

విషయం: మందిరంలో పెట్టి తాళం వేసిన సైకిళ్ళను సోమవారంలోగా ఆడపిల్లలకు విడుదల చేయుట గురించి.

అయ్యా,

1. ఆడపిల్లలు చదువు మానకూడదని సముద్రాల అవతలి దాతలు మా ఊరికి ఇరవై రెండు సైకిళ్ళు పంపారు. తాళం పడే తలుపు ఊరంతటికీ మా మందిరానికే ఉన్నందున తమ గుమాస్తా వాటిని అందులో పెట్టించి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు. "రెండు రోజులేనండీ బోధకుడు గారూ" అన్నాడు. అది నాలుగు నెలల నాటి మాట. అప్పటి నుండి సైకిళ్ళు నీడలో, విశ్వాసులు ఎండలో ఉన్నారు.

2. దాతలు వచ్చి, ఫొటో దిగి, స్వహస్తాలతో ఇస్తేనే ఇచ్చినట్టట. పెద్దలు వస్తే ఆడవాళ్ళు ఆడి పాడటం మా దేశపు మర్యాద. సరే. వారు వస్తున్నారని మూడుసార్లు కబురొచ్చింది. మూడుసార్లూ పిల్లలు వారమేసి రోజులు బడి మానేసి నాట్యం నేర్చుకుని, రోడ్డు మీద ఆడారు. మూడుసార్లూ జీపులోంచి గుమాస్తా ఒక్కడే దిగాడు. బడి కోసం సైకిలు, సైకిలు కోసం నాట్యం, నాట్యం కోసం బడి మానడం. ఈ ప్రణాళిక ఏ తలలో పుట్టిందో తెలిస్తే ఆ తల మీద చేతులుంచి ప్రార్థించగలవాడను.

3. హేరోదు దుర్మార్గుడని లేఖనమెరిగిన తమకు చెప్పనక్కరలేదు. ఆ హేరోదు కూడా ఒక్క పిల్ల ఒక్కసారి ఆడినందుకు, అడిగినది, అదీ ఒక ప్రవక్త తల, అక్కడికక్కడే పళ్ళెంలో పెట్టించి ఇచ్చాడు. మా పిల్లలు మూడుసార్లు ఆడితే తమరు సైకిలు గంట కూడా ఇవ్వలేదు.

4. అసలు సంగతి ఇది. మా ఊరి నుండి హైస్కూలుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల తియామికే. బడి పన్నెండు కిలోమీటర్లు. ఎంత పెందలాడే బయలుదేరినా రెండో గంట కొట్టాకే చేరుతుంది. సోమవారం కూడా ఆలస్యమైతే పేరు కొట్టేస్తామని హెడ్‌మాస్టరు చీటీ పంపాడు. పేరు పోతే, రాజధాని లిలాంగ్వేలో ఎవరింటనో పసిపిల్లల్ని ఎత్తుకునే పనికి పంపుతానని మేనమామ ఇప్పటికే సంచి సర్దాడు. మాలో మేనమామ మాటకు తిరుగులేదు.

ఈ సంగతి చెప్పుకుందామని పిల్ల అమ్మమ్మ ఎస్నాతితో కలిసి తమ కార్యాలయానికి వచ్చాము. తమరు లేరు. గుమాస్తా అన్నాడు: "దాతలు చూడకుండా ఇచ్చేస్తే, ఇచ్చినట్టు రుజువేదండీ?"

"పిల్ల బడికి వెళ్తుంది కదయ్యా, అదే రుజువు" అన్నాను.

"అది రిపోర్టులో ఎక్కదండీ."

ఎస్నాతి అవ్వ బల్ల మీద చరిచింది. "ఓరి నాయనా, రుజువు కావాలా? నన్ను చూడు. ముప్పై ఏళ్ళుగా వచ్చిన ప్రతి దొరకీ ఆడాను. ఆడినప్పుడల్లా నడుముకు చుట్టుకోమని ఓ చిటెంజె గుడ్డ ఇచ్చారు, దాని మీద వాళ్ళ మొహమే. కూర్చుని కూర్చుని వాళ్ళ మొహాలు అరిగాయి గానీ నా లేమి అరగలేదురా!"

5. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి ఆస్తిలో తమ వాటా అడిగి పొందారు. మోషే వారిని ఆడి చూపించమనలేదు.

కావున ఇది చిత్తగించి, తాళంచెవిని ఈ అర్జీ తెచ్చినవారి చేతికే ఇచ్చి పంపవలెను.

ముందు పైవానికి, ఆ తరువాత తమకు విధేయుడు,
ఎలియాసి ఎంఫాండె

తా.క. (సోమవారం సాయంత్రం): పై అర్జీ పంపడానికి మనిషి దొరకలేదు. నిన్న ఆరాధనలో, జనం ఏడుసార్లు చుట్టి తిరిగితే కూలిన యెరికో గోడ గురించి బోధించాను; ఆ తప్పు నాదే. ముగించగానే ఎస్నాతి అవ్వ లేచి, "పదండే! ఈసారి దొరల కోసం కాదు, గోడ కోసం ఆడదాం" అంది. ఆడవాళ్ళంతా మందిరం చుట్టూ ఏడుసార్లు ఆడారు. ఏడో చుట్టులో వెనక గోడ కూలింది. వానకు నానిన మట్టి ఇటుక. కొందరి చేతుల్లో రోకళ్ళున్నాయంటున్నారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాను. తమ తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ ఉదయం తియామికే మొదటి గంట కంటే ముందే బడిలో ఉంది. మేనమామ సంచి విప్పేశాడు.

తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోండి, ఇటుకలు పంపండి. దాతలు వస్తే నేనూ ఆ మేనమామా ఆడతాము. పిల్లలకు ఆ రోజు బడి ఉంది.